‘పైథాన్’ కొట్టాలా, ‘పీవై’ కొట్టాలా: విండోస్‌లో ఏది మేలు?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి ఇంజనీరింగ్ పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. పైథాన్ ప్రోగ్రామ్ నడపడానికి ల్యాబ్‌లో సార్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పైథాన్’ అని కొట్టమంటారు. యూట్యూబ్‌లో ఇంకొకరు ‘పీవై’ (py) అంటారు. కొందరికి ఏం కొట్టినా మైక్రోసాఫ్ట్ స్టోరే తెరుచుకుంటుంది. ఈమధ్య ఉండి దగ్గర మా బావ వాళ్ల రొయ్యల మేత షాపులో డెస్క్‌టాప్ మార్చారు. చెరువుల వారీగా మేత, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు లెక్కగట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ని అందులో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఎలాగూ కూర్చున్నాను కదా అని ఈ దారులన్నీ ఆ ఒక్క మిషన్ మీదే పరీక్షించాను.

వేగం, ఎన్ని అక్షరాలు టైప్ చేయాలి లాంటివి నేను పట్టించుకోను. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎంటర్ కొట్టగానే ఏ పైథాన్ నడుస్తుందో మనకు ముందే తెలుస్తుందా? ‘పాండాస్ (డేటా లెక్కల ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేశానండి, అయినా మాడ్యూల్ లేదంటోంది’ అంటూ నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఈ సంగతి తెలియక పుట్టినవే.

ముందు ‘పైథాన్’ సంగతి. ఆ మాట కొడితే విండోస్ ‘పాత్’లో, అంటే ఆదేశాల కోసం ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే జాబితాలో, ఉన్న ఫోల్డర్లను వరసగా వెతికి, మొదట దొరికిన దాన్ని నడుపుతుంది. ఆ వరసలో సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ తర్వాత. ఇప్పుడు ల్యాబ్ పరిస్థితి చూడండి. ఇన్‌చార్జ్ గారు అందరికీ కలిపి 3.11 ఇన్‌స్టాల్ చేసి పాత్‌లో పెట్టారు. మీరు మీ లాగిన్‌లో 3.13 వేసుకుని, పాత్ బాక్స్‌లో టిక్ కూడా పెట్టారు. అయినా ‘పైథాన్’ కొడితే 3.11 వస్తుంది, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ‘పిప్’ కొడితే 3.11 తాలూకు పిప్ వస్తుంది. అడ్మిన్ హక్కులు లేవు కాబట్టి ఆ పిప్ ‘యూజర్ ఇన్‌స్టలేషన్‌కి మారుతున్నాను’ అని ఒక లైను చూపించి, మీ ప్రొఫైల్‌లో 3.11 కోసం పాండాస్ పెట్టి వెళ్లిపోతుంది. అటు ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో మీరు ఎంచుకున్నది 3.13. దానికి ఆ పాండాస్ కనిపించదు. ఇన్‌స్టాల్‌లో ఎర్రర్ ఎక్కడా రాలేదు, సక్సెస్ అంది, ప్రోగ్రామ్ మాత్రం నడవదు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ఇందులో తన తప్పేమిటో ఎలా తెలుస్తుంది?

‘పీవై’ దారి వేరు. ఇది సీ భాషలో రాసిన చిన్న ఎక్స్‌ఈ, సరైన పైథాన్‌ని ఎంచి నడిపే లాంచర్. 2012లో పైథాన్ 3.3తో పాటు వచ్చింది. పాత్‌లో ఎవరు ముందున్నారో చూడదు. విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో నమోదైన పైథాన్‌లన్నిటినీ చూస్తుంది. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్ టిక్ పెట్టడం మరిచిపోయినా ఇది పనిచేస్తుంది. ‘పీవై -3.11’ అంటే 3.11, ‘పీవై -3.13’ అంటే 3.13. నాకు అన్నిటికన్నా నచ్చిన ఆదేశం ‘పీవై -0పి’. హైఫన్ తర్వాత ఉన్నది సున్నా. మిషన్‌లో ఉన్న పైథాన్‌లు, ఒక్కొక్కటి ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏమీ చెప్పకపోతే ఏది నడుస్తుంది, అన్నీ చూపిస్తుంది. డీఫాల్ట్ పక్కన నక్షత్రం (*) గుర్తు ఉంటుంది. ఎవరైనా ఎర్రర్ ఫొటో పంపితే నేను ముందు అడిగేది ఈ లిస్టే. ‘పైథాన్’ వైపు ఇలాంటిది లేదు. ‘వేర్ పైథాన్’ కొడితే పాత్‌లో ఉన్నవే చూపిస్తుంది, పాత్‌లో లేనివాటి ఊసే ఉండదు.

పిప్ విషయంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. వట్టి ‘పిప్ ఇన్‌స్టాల్’ మానేసి ‘పీవై -3.13 -ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని రాయండి. ఏ పైథాన్‌లోకి వెళ్తుందో ఆ లైనులోనే ఉంది, ఇక వెతుక్కోవాల్సిన పని లేదు.

పీవైకి లోపం లేదని కాదు. వెర్షన్ చెప్పకపోతే ఉన్నవాటిలో కొత్తదాన్ని పట్టుకుంటుంది. సెమిస్టర్ మధ్యలో సరదాగా 3.14 వేసుకుంటే, మర్నాటి నుంచి వట్టి ‘పీవై’ అదే తీస్తుంది. 3.13లో పెట్టుకున్న ప్యాకేజీలు అందులో ఉండవు. దీనికి మందు ‘పీవై_పైథాన్’ (PY_PYTHON) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లు చదువుకునే విండోస్ సెట్టింగ్), దానికి 3.13 అని విలువ ఇస్తే డీఫాల్ట్ కదలదు. అయితే ఇది తెలిసినవాళ్లు తక్కువ, ఆ మేరకు ‘పైథాన్’ వాదుల మాటలో న్యాయం ఉంది: పాత్ మార్చనంత వరకు వాళ్ల పైథాన్ మారదు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్, ప్యాకేజీల ఫోల్డర్) యాక్టివేట్ చేశాక మాత్రం ‘పైథాన్’దే పైచేయి. యాక్టివేట్ చేయగానే దాని ఫోల్డర్ పాత్‌లో అన్నిటికన్నా ముందుకు వస్తుంది కాబట్టి అనుమానమే ఉండదు. వట్టి ‘పీవై’ కూడా యాక్టివ్‌గా ఉన్న ఎన్విరాన్‌మెంట్‌నే తీసుకుంటుంది. కానీ అలవాటుగా ‘పీవై -3.13’ అన్నారో, ఎన్విరాన్‌మెంట్‌ని పక్కన పెట్టి బయట ఉన్న 3.13ని నడుపుతుంది. ప్రాజెక్టులు చేసే ఫైనలియర్ వాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక పరీక్షలు. ఒక చిన్న ఫైల్ రాశాను: తనను నడుపుతున్న పైథాన్ ఎక్కడుందో, తనకు అందిన ఆర్గ్యుమెంట్లు ఏమిటో ప్రింట్ చేసి, ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తిరిగి ఇచ్చే నంబర్) 7తో ముగుస్తుంది. దాన్ని కావాలనే ‘చెరువు లెక్కలు’ అనే ఫోల్డర్‌లో పెట్టాను, మధ్యలో స్పేస్‌తో సహా. మన ఊళ్లలో ఫోల్డర్లకి తెలుగు పేర్లు పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. లాంచర్ అన్నాక ఆ పేరు తట్టుకోవాలి. ‘పైథాన్’, ‘పీవై’ రెండూ తట్టుకున్నాయి. స్క్రీన్ మీద తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే అది ఫాంట్ సంగతి, లాంచర్‌కి సంబంధం లేదు. ఎగ్జిట్ కోడ్ 7 రెండింటిలోనూ అలాగే బయటికొచ్చింది. పీవై నిజానికి పైథాన్‌ని వేరే ప్రాసెస్‌గా నడిపి, అది అయ్యేదాకా ఆగి, దాని కోడ్‌నే తిరిగి ఇస్తుంది. కంట్రోల్-సీ నొక్కితే మధ్యలో తాను అడ్డుపడదు, పైథానే దాన్ని అందుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పీవైని ఆపేస్తే కింద నడుస్తున్న పైథాన్ కూడా ఆగిపోతుంది. అడిగిన వెర్షన్ లేకపోతే 103 అనే కోడ్ వస్తుంది, కాబట్టి లోపం లాంచర్‌దా, మన ప్రోగ్రామ్‌దా అన్నది విడదీయవచ్చు.

ఈ పరీక్షల్లో చతికిలపడింది చేత్తో రాసుకునే బ్యాట్ ఫైల్, అంటే విండోస్ ఆదేశాలను వరసగా రాసిపెట్టే ఫైల్. షాపుల్లో, ఆఫీసుల్లో డెస్క్‌టాప్ మీద ఇవే ఎక్కువ. కంట్రోల్-సీ నొక్కితే బ్యాచ్ జాబ్ ఆపాలా వద్దా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఒక బ్యాట్ నుంచి ఇంకో బ్యాట్‌ని ‘కాల్’ లేకుండా పిలిస్తే తిరిగి రానే రాదు, మిగతా లైన్లు అలాగే ఉండిపోతాయి. ఫైల్ లోపల తెలుగు ఫోల్డర్ పేరు రాస్తే, కోడ్ పేజీని (అక్షరాలను చదివే పద్ధతిని) 65001కి, అంటే యూటీఎఫ్-8కి, మార్చనంత వరకు దారి తెలియదు. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు అనుకునేవాళ్లకి బ్యాట్ అవసరమే లేదు. లాంచర్ ఉన్న మిషన్‌లో ‘.పీవై’తో ముగిసే ఫైళ్లు డబుల్ క్లిక్‌కి నేరుగా దాని ద్వారానే తెరుచుకుంటాయి.

స్టోర్ తెరుచుకునే గొడవ 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి మొదలైంది. అసలు పైథాన్ పాత్‌లో లేనప్పుడు విండోస్ తన దొంగ ‘పైథాన్’ని ముందుకు తోస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్‌కి వెళ్లి పైథాన్ పేరుతో ఉన్న రెండు స్విచ్‌లూ ఆపేయండి, సరిపోతుంది.

పైథాన్‌లనూ ప్యాకేజీలనూ చూసుకునే కొండా, యూవీ లాంటి టూల్స్ వాడేవాళ్లు వాటితోనే ఉండండి, ‘యూవీ రన్’ చాలా శుభ్రంగా పనిచేస్తుంది. ఉబుంటు వాళ్లు ‘పైథాన్3’ అనుకుంటే చాలు.

కాబట్టి నా ఎంపిక: చేత్తో టైప్ చేసేటప్పుడు, ప్యాకేజీలు పెట్టేటప్పుడు వెర్షన్ నంబర్‌తో సహా ‘పీవై’. ఎన్విరాన్‌మెంట్ లోపల ‘పైథాన్’. షాపులో డీఓ లెక్కల ప్రోగ్రామ్ టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన వేళకి ప్రోగ్రామ్‌లను తానే నడిపే విండోస్ టూల్) రోజూ తెల్లవారుజామున నడవాలి, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళే. అక్కడ నేను ఏ లాంచర్‌నీ పెట్టలేదు, ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్.ఎక్స్‌ఈకి పూర్తి దారి రాశాను. మనిషి చూడని చోట ఎంచుకునే అవకాశం మిషన్‌కి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

చివరిగా ల్యాబ్ ఇన్‌చార్జ్‌లకి ఒక మాట. 2025 అక్టోబరులో 3.14తో పాటు కొత్త ఇన్‌స్టాల్ మేనేజర్ వచ్చింది, 3.16 నుంచి పాత ఇన్‌స్టాలర్ ఉండదు. కొత్తదాంట్లోనూ ఆదేశం పేరు ‘పీవై’నే, ‘పీవై ఇన్‌స్టాల్ 3.14’, ‘పీవై లిస్ట్’ లాంటివి అదనం. డీఫాల్ట్ వెర్షన్ పెట్టే వేరియబుల్ పేరు మాత్రం మారింది, ఇప్పుడది ‘పైథాన్_మేనేజర్_డీఫాల్ట్’. పాత లాంచర్ ఇంకా మిషన్‌లో ఉంటే ‘పీవై’ అన్నప్పుడు అదే ముందు పలుకుతుంది, కాబట్టి యాప్‌ల లిస్టులో ‘పైథాన్ లాంచర్’ని తీసేయాలి. కొత్త మేనేజర్ యూజర్ వారీగానే ఇన్‌స్టాల్ చేస్తుంది, అందరికీ కలిపి కాదు. అరవై మంది పిల్లలు ఒకే గంటలో డౌన్‌లోడ్ మొదలుపెడితే మన ల్యాబ్‌ల నెట్ తట్టుకోదు. దీనికి దారి ఉంది: ‘ఇన్‌స్టాల్’ ఆదేశానికి ‘--డౌన్‌లోడ్’ జోడించి ఒకసారి ఫైళ్లను ల్యాబ్ సర్వర్‌లోని ఫోల్డర్‌లోకి దింపుకోండి, పిల్లలు ‘--సోర్స్’తో అక్కడి నుంచే తీసుకుంటారు. ఈ పని సెమిస్టర్ మొదలవకముందే చేసిపెట్టండి.