గోర్డన్ లైట్‌ఫుట్ పాటల దారిలో: టొరంటో, ఒరిలియా, వైట్‌ఫిష్ పాయింట్

కెనడా జానపద, పాప్ సంగీతాల్లో అరవై ఏళ్ళ పాటు వినిపించిన గొంతు గోర్డన్ లైట్‌ఫుట్‌ది. 1938 నవంబర్ 17న అంటారియోలోని ఒరిలియా అనే చిన్న ఊళ్ళో పుట్టి, 2023 మే 1న టొరంటోలో కన్నుమూసిన ఈ గాయకుడు తన పాటలను తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని పాడారు. ఆయన జీవితంతో ముడిపడిన చోట్లను వరుసగా చూడాలన్న కోరికతో మేము టొరంటోలో బయలుదేరి, ఒరిలియా మీదుగా సుపీరియర్ సరస్సు ఒడ్డు దాకా వెళ్ళాము. ఈ దారిలో అన్ని చోట్లకూ ఒకే విలువ లేదు. నేటికీ పాట వినిపిస్తున్న చోట్లు ప్రయాణ ఖర్చుకు తగినవి. పేరు మాత్రమే మిగిలిన చోట్లకు ఒక పూట కేటాయించడం కూడా ఎక్కువే.

రెండో కోవలోకి వచ్చేది టొరంటోలోని యార్క్‌విల్. 1960లలో ఇది కాఫీహౌస్‌ల పేట. 134 యార్క్‌విల్ అవెన్యూలో 1964 నుంచి 1978 వరకు నడిచిన రివర్‌బోట్ అనే కాఫీహౌస్‌లో లైట్‌ఫుట్‌తో పాటు జోనీ మిచెల్, నీల్ యంగ్ కూడా పాడారు. అదే వీధిలోని ఈస్టర్న్ సౌండ్ స్టూడియోలో 1974లో అమెరికా పాటల ఆదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరిన ‘సన్‌డౌన్’ రికార్డయింది. ఇప్పుడు రివర్‌బోట్ లేదు, స్టూడియో కట్టడమూ లేదు. ఖరీదైన బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, పెద్ద హోటళ్ళు ఆ పేటను ఆక్రమించుకున్నాయి. బే స్టేషన్‌లో మెట్రో దిగి ఒక గంట నడిస్తే సరిపోతుంది. బస మాత్రం అక్కడ పెట్టుకోవద్దని నా సలహా, ఎందుకంటే అక్కడి హోటళ్ళలో ఒక రాత్రికి అయ్యే ఖర్చుతో ఒరిలియాలో రెండు రాత్రులు హాయిగా గడపవచ్చు.

మాసీ హాల్ సంగతి పూర్తిగా వేరు. 1894లో హార్ట్ మాసీ అనే పారిశ్రామికవేత్త చనిపోయిన తన కొడుకు జ్ఞాపకార్థం కట్టించిన ఈ సభామందిరంలో లైట్‌ఫుట్ మొదటిసారి పాడినప్పుడు ఆయనకు సుమారు పన్నెండేళ్ళు. గొంతు మారని బాలుర పోటీలో గెలిచినందుకు దక్కిన అవకాశం అది. పెద్దయ్యాక 1967లో అక్కడ సొంత కచేరీ ఇచ్చిన తరువాత, జీవితకాలంలో 170కి పైగా కచేరీలు అదే వేదికపై చేశారు. 1969లో విడుదలైన ‘సండే కాన్సర్ట్’ అక్కడ రికార్డు చేసినదే. మరమ్మతుల కోసం 2018 జులైలో హాలును మూసేముందు చివరిగా పాడినదీ, 2021 నవంబర్‌లో తిరిగి తెరిచినప్పుడు మొదట పాడినదీ ఆయనే.

మాసీ హాల్‌ను చూడదలచినవారు బయటి నుంచి ఫోటో తీసుకుని వెళ్ళిపోకుండా, ఎవరిదైనా సరే ఒక కచేరీకి టికెట్ కొనుక్కుని లోపల కూర్చోవాలి. మరమ్మతులలో, దశాబ్దాలుగా మూసి ఉంచిన రంగుటద్దాల కిటికీలను మళ్ళీ వెలుగులోకి తెచ్చారు, కుర్చీలు మార్చారు, లిఫ్టులు పెట్టారు. పెద్ద వయసు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి ఈ లిఫ్టులు ఎంతో మేలు చేస్తాయి. మేము కూర్చున్నది అన్నిటికన్నా పై గ్యాలరీలో. టికెట్ ధర తక్కువ, మోకాళ్ళకు చోటు కొంచెం ఇరుకు, వినికిడికి మాత్రం ఏ లోటూ లేదు. ఒక్క గిటారు మీటిన శబ్దం కూడా అంత ఎత్తుకు స్పష్టంగా చేరింది. అంత పెద్ద హాలులో మెల్లగా, దగ్గరగా కూర్చుని చెబుతున్నట్టుగా ఆయన ఎలా పాడగలిగారో అక్కడ కూర్చున్నాకే అర్థమైంది. క్వీన్ స్టేషన్ నుంచి నడక దూరమే కనుక కారు తీసుకెళ్ళి పార్కింగ్‌కు డబ్బు పోయనవసరం లేదు.

టొరంటో నుంచి ఒరిలియా ఉత్తరాన సుమారు 135 కిలోమీటర్లు. యూనియన్ స్టేషన్ బస్ టెర్మినల్ నుంచి అంటారియో నార్త్‌ల్యాండ్ బస్సులు బ్యారీ మీదుగా వెళ్తాయి, సీట్లు సౌకర్యంగా ఉంటాయి. అయినా సొంత కారు గానీ అద్దె కారు గానీ ఉంటేనే మంచిది, ఎందుకంటే ఒరిలియాలో చూడవలసినవి ఊరి నలుమూలలా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం తరువాత మాత్రం హైవే 400 ఎక్కకూడదు. వేసవిలో టొరంటోవాళ్ళందరూ సరస్సుల దగ్గరి కాటేజీలకు బయలుదేరేది ఆ వేళకే, గంటన్నర ప్రయాణానికి మూడు గంటలు పడుతుంది.

కూచిచింగ్, సిమ్‌కో సరస్సుల మధ్య ఉన్న ఒరిలియాలో మొదట చూడవలసినది పీటర్ వీధిలోని సెయింట్ పాల్స్ యునైటెడ్ చర్చి. లైట్‌ఫుట్ తండ్రి లాండ్రీ సంస్థ నడిపేవారు. కొడుకు గొంతులోని విద్యను తల్లి గుర్తించి ప్రోత్సహించారు. ఈ చర్చి గాయకబృందంలో, రే విలియమ్స్ అనే గురువు దగ్గర, ఆ పిల్లవాడు భావం పలికేలా పాడడం నేర్చుకున్నారు. తరువాత 1958లో లాస్ ఏంజెలెస్ వెళ్ళి వెస్ట్‌లేక్ సంగీత కళాశాలలో చదివినా, ఆయన పాటలో పదం స్పష్టంగా, తొందర లేకుండా వినిపించడానికి పునాది పడింది ఇక్కడే అని నా నమ్మకం. 2023 మే 7న ఆయన భౌతికకాయాన్ని కడసారి చూడడానికి రెండు వేల మందికి పైగా బారులు తీరినదీ ఈ చర్చికే. చర్చి ఎప్పుడూ తెరిచి ఉండదు కనుక ముందుగా ఫోన్ చేసి వెళ్ళడం మంచిది. మేము వెళ్ళినప్పుడు అక్కడి పెద్దావిడ ఒకరు తలుపు తీసి, ఎంతసేపు కూర్చున్నా తొందరపెట్టకుండా, గాయకబృందం నిలబడే చోటును చూపించారు. ఈ ప్రయాణం మొత్తంలో డబ్బు తీసుకోకుండా దొరికిన ఆ సేవే అన్నిటికన్నా గొప్పది.

అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో మిస్సిసాగా వీధిలోని ఒపెరా హౌస్ ఉంది. 1895లో కట్టి, 1915లో కాలిపోగా తిరిగి నిర్మించిన ఈ కట్టడంలో సుమారు ఏడు వందల సీట్ల ప్రధాన సభామందిరానికి లైట్‌ఫుట్ పేరే పెట్టారు. 2002 సెప్టెంబర్‌లో ఇక్కడ వరుస కచేరీల మధ్య ఆయన కడుపులోని పెద్ద రక్తనాళం చిట్లింది. హెలికాప్టర్‌లో హామిల్టన్ ఆసుపత్రికి తరలించగా, ఆరు వారాలు స్పృహ లేకుండా ఉన్నారు. కోలుకుని, 2004లో ‘హార్మొనీ’ అనే ఆల్బమ్‌తో తిరిగి వచ్చారు. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్ళు పాడారు. ఆయనపై నాకు గౌరవం రెట్టింపైనది ఈ ఘట్టం తెలిసిన తరువాతే. ఇక్కడ టికెట్లు మాసీ హాల్ కంటే చాలా చవక, చివరి వరుస నుంచి కూడా గాయకుడి ముఖం కనిపిస్తుంది.

ట్యూడోప్ పార్కులో, లైట్‌ఫుట్ ట్రెయిల్ అనే నడక దారి పక్కన, తిమోతీ ష్మాల్జ్ చెక్కిన ‘గోల్డెన్ లీవ్స్’ అనే కంచు శిల్పం ఉంది. 2015 అక్టోబర్‌లో ఆవిష్కరించిన ఈ శిల్పంలో యువకుడైన లైట్‌ఫుట్ బాసింపట్టు వేసుకుని గిటారు వాయిస్తుంటే, ఆయన చుట్టూ మేపుల్ ఆకులు తోరణంలా వంగి ఉంటాయి. ఒక్కొక్క ఆకును దగ్గరగా చూస్తే అందులో ఒక్కొక్క పాటలోని దృశ్యం కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో మెరుపు వల్ల ఆకుల్లోని పని సరిగా కనబడదు, ఉదయం వెళ్ళాలి. ప్రవేశ రుసుము లేదు, కారు నిలుపుకోవడానికి చోటు ఉంది. పిల్లలకైతే సరస్సు ఒడ్డున పరుగెత్తడానికి కావలసినంత మైదానం.

ఏటా జులైలో మరిపోసా జానపద సంగీతోత్సవం జరిగేది ఇదే పార్కులో. 1961లో ఒరిలియాలోనే మొదలై, 1963లో జనం అల్లరి మితిమీరడంతో ఊరు వదిలి, 2000లో తిరిగి ఇక్కడికి చేరిన ఉత్సవం ఇది. మొదటి ఏడాది లైట్‌ఫుట్‌కూ, ఆయన జోడీ టెర్రీ వీలన్‌కూ అవకాశం ఇవ్వలేదు. మరుసటి ఏడాది ‘టూ టోన్స్’ పేరుతో పాడారు. ఆ మూడు రోజులు వెళ్ళదలచినవారు బసను నెలల ముందే మాట్లాడుకోవాలి. మేము మొదట దిగిన హైవే 11 పక్కనున్న మోటెల్‌లో రాత్రంతా లారీల చప్పుడు, పనిచేయని హీటరు, ఫోన్ ఎత్తని రిసెప్షన్. మర్నాడు ఊరి నడిబొడ్డున ఒక పాత ఇంట్లోని గదికి మారాము. అద్దె కొద్దిగా ఎక్కువే అయినా, చర్చికీ ఒపెరా హౌస్‌కూ సరస్సుకూ నడిచి వెళ్ళగలగడం, ఉదయం వేడి వేడి ఫలహారం దొరకడం ఆ తేడాకు తగినవే. ఊళ్ళో లేక్‌హెడ్ విశ్వవిద్యాలయం, జార్జియన్ కళాశాలల ప్రాంగణాలు ఉండడం వల్ల భారతీయ విద్యార్థులు బాగానే కనిపిస్తారు. దుకాణంలో బిల్లు వేస్తున్న ఖమ్మం అమ్మాయి మా మాటలు విని, “ఆదివారం సిటీ బస్సుల మీద ఆధారపడకండి అన్నా, చాలా తక్కువ తిరుగుతాయి” అని హెచ్చరించింది. శాకాహారులకు భోజనం దొరుకుతుంది గానీ రాత్రి ఎనిమిది దాటితే వెతుక్కోవాలి.

ఒరిలియాలోనే సెయింట్ ఆండ్రూస్, సెయింట్ జేమ్స్ శ్మశానవాటికలో తల్లిదండ్రుల సమాధుల పక్కన ఆయన సమాధి ఉంది. అభిమానులు పూలు ఉంచి వెళ్తుంటారు.

ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆయన పాటల్లో ‘ది రెక్ ఆఫ్ ది ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్’ను ప్రాణంగా భావించేవారు మరో 600 కిలోమీటర్లు నడిపి సూ సెయింట్ మేరీ చేరి, వంతెన దాటి మిషిగన్‌లోని వైట్‌ఫిష్ పాయింట్‌కు వెళ్ళాలి. కెనడాలో స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్‌లపై ఉన్న మనవాళ్ళకు అమెరికా వీసా తప్పనిసరి. 1975 నవంబర్ 10న సుపీరియర్ సరస్సులో తుపానుకు చిక్కి, ఖనిజం మోసుకెళ్తున్న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ 29 మందితో మునిగిపోయింది. పత్రికలో ఆ వార్త చదివి లైట్‌ఫుట్ రాసిన పాట 1976లో విడుదలై అమెరికా పట్టికలో రెండో స్థానానికి చేరింది. వైట్‌ఫిష్ పాయింట్‌లోని గ్రేట్ లేక్స్ షిప్‌రెక్ మ్యూజియంలో 1995 జులై 4న నీటి అడుగు నుంచి పైకి తీసిన ఆ ఓడ గంటను ఉంచారు. దాని బదులు, 29 మంది పేర్లు చెక్కిన మరో గంటను నీటి అడుగున ఉన్న ఓడపై అమర్చారు. శుభ్రం చేసిన ఆ పాత గంటపై ఓడ పేరు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. దాని ముందు నిలబడినవారిలో గట్టిగా మాట్లాడినవారు లేరు.

ఈ పాట విషయంలో లైట్‌ఫుట్ నడవడి నాకు ఎంతో నచ్చుతుంది. ఓడ మునగడానికి సరుకు గది తలుపు సరిగా మూయని సిబ్బంది కారణం కాదన్న వాదన బలపడ్డాక, 2010 నుంచి కచేరీల్లో ఆ తలుపు ప్రస్తావన ఉన్న చరణాన్ని మార్చి పాడారు. మృతుల కుటుంబాలకు నొప్పి కలగకూడదన్నదే ఆయన ఉద్దేశం. ఆయన పోయినప్పుడు డెట్రాయిట్ నావికుల చర్చిలో గంట ముప్పై సార్లు మోగించారు, ఇరవై తొమ్మిది నావికులకు, ఒకటి ఆయనకు.

మ్యూజియం మే నుంచి అక్టోబర్ చివరి వరకు తెరిచి ఉంటుంది. ఆవరణలో 1923 నాటి లైఫ్‌బోట్ సిబ్బంది నివాసాన్ని బాగుచేసి కొన్ని గదులు అద్దెకు ఇస్తారు, అవి త్వరగా నిండిపోతాయి. దొరకకపోతే సూ సెయింట్ మేరీలోనే బస పెట్టుకుని, గంటన్నర లోపు ప్రయాణం కనుక పగలు వెళ్ళి రావడం సుఖం. దారిలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు, మ్యాపును ముందే దింపుకోవాలి, పెట్రోలు నింపుకునే బయలుదేరాలి. సెలవు ఒక్క వారాంతమే దొరికేవారు ఈ అంకాన్ని వదిలి, ఒపెరా హౌస్‌లో కచేరీ ఉన్న రోజు చూసుకుని ఒరిలియాలో రెండు రాత్రులు ఉండాలని నా సిఫార్సు.