స్ట్రాట్‌ఫర్డ్, షా నాటకోత్సవాలు: ఏ హాలు, ఏ సీటు, ఎక్కడ బస

సురభి వాళ్లు ఒక ఊళ్లో మకాం వేస్తే ఇవాళ మాయాబజార్, రేపు పాతాళభైరవి, ఎల్లుండి భక్త ప్రహ్లాద. నటులు వాళ్లే, వేషాలు మాత్రం మారతాయి. కెనడాలోని ఒంటారియోలో స్ట్రాట్‌ఫర్డ్, నయాగరా-ఆన్-ద-లేక్ అనే రెండు చిన్న ఊళ్లలో వసంతం నుంచి ఆకురాలు కాలం దాకా సాగే నాటకోత్సవాలదీ ఇదే పద్ధతి. మధ్యాహ్నం ఒక నాటకం అయిపోగానే సెట్టంతా విప్పి, రాత్రికి అదే వేదిక మీద మరో నాటకం సెట్టు నిలబెడతారు. మధ్యాహ్నం రాజుగా చూసిన నటుడు మర్నాడు మ్యూజికల్‌లో పాట పాడుతూ కనిపించొచ్చు. ఆ మార్పు చూడడానికే రెండు రోజులు ఉండాలి.

రెండు ఊళ్లూ ఒకే వారాంతంలో చుట్టేద్దామని మాత్రం బయలుదేరకండి. వాటి మధ్య ప్రయాణం దాదాపు రెండున్నర గంటలు, హామిల్టన్ దగ్గర ట్రాఫిక్ తగిలితే ఇంకా ఎక్కువ. ఆటకు ఆలస్యమైతే మధ్యలో లోపలికి పంపరు, లేదా విరామం దాకా బయట తెర మీద చూడమంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మా సలహా స్ట్రాట్‌ఫర్డ్.

అక్కడ ఉత్సవం 1953లో ఒక పెద్ద గుడారంలో మొదలైంది. తొలి నాటకం షేక్‌స్పియర్ మూడో రిచర్డ్, ప్రధాన పాత్ర అలెక్ గిన్నిస్‌ది, దర్శకుడు టైరోన్ గత్రీ. 1957లో గుడారం స్థానంలో ఫెస్టివల్ థియేటర్ కట్టారు. వేదిక ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకొస్తుంది, మూడు వైపులా సీట్లు ఉంటాయి. వేదిక రూపకర్త తాన్యా మోయ్‌సేవిచ్. సుమారు 1,800 మంది పట్టే హాలే అయినా ఏ సీటూ వేదికకు 65 అడుగులకు మించి దూరం కాదు. అందుకే ఇక్కడ దూరం గురించి కాక కోణం గురించి ఆలోచించాలి. బాగా పక్కకు ఉన్న సీట్లలో నటుల వీపులు ఎక్కువ కనిపిస్తాయి, కీలకమైన పద్యపాదం అటు తిరిగి చెబితే మాట జారిపోతుంది. షేక్‌స్పియర్ నాటకానికి కింది అంతస్తులో మధ్యభాగం తీసుకోండి. మ్యూజికల్‌కైతే బాల్కనీ ముందు వరసలు మేలు, నృత్యంలో వరసలు, వలయాలు పైనుంచే తెలుస్తాయి, టికెట్టూ తక్కువ. వాద్యబృందం వేదిక ముందు గుంటలో కూర్చోదు, పైన అటక లాంటి చోట ఉంటుంది. ఆట మొదలయ్యే ముందు బయట బాకాలు ఊదుతారు, అది వినేలా పావుగంట ముందే చేరండి.

ఏవన్ థియేటర్ మనకు అలవాటైన తరహాది, ఎదురుగా వేదిక, తెర. సీట్లు వెయ్యి పైచిలుకు. మ్యూజికల్స్, పిల్లల నాటకాలు ఎక్కువగా ఇక్కడే పడతాయి. కుటుంబంతో వెళ్తే ఇది సులువు. నది ఒడ్డున 2022లో తెరిచిన కొత్త టామ్ ప్యాటర్సన్ థియేటర్ బాగా దగ్గరితనం ఉన్న హాలు, దాదాపు 600 సీట్లు. పొడవాటి వేదికకు ఆ చివర, ఈ చివర జరిగేవి చూడడానికి తల తిప్పుతూ ఉండాలి, కాబట్టి అంచు సీట్లు వద్దు.

టికెట్టు ధర గిరాకీని బట్టి మారుతుంది. శనివారం రాత్రి కంటే బుధ, గురువారాల మధ్యాహ్నం చౌక. సోమవారం సాధారణంగా ఆటలుండవు, చాలా భోజన హోటళ్లూ మూసేస్తారు. విద్యార్థులకు, 30 ఏళ్ల లోపువారికి తగ్గింపులు ఉంటాయి, ముందే అడగండి.

బస విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, డబ్బు మిగులుతుందని దూరంగా దిగడం. కిచనర్-వాటర్లూ 45 కిలోమీటర్లే, గదులు చౌక, భారతీయ కిరాణా దుకాణాలు, భోజనం దొరుకుతాయి. అయితే రాత్రి ఆట పదిన్నర, పదకొండింటికి ముగుస్తుంది, పార్కింగ్ నుంచి బయటపడడమే ఒక పని, ఆపైన చీకట్లో పొలాల మధ్య రోడ్డు. రెండు ఆటలు చూసే రోజున ఊళ్లోనే ఉండండి. ఊరి ఇళ్లలో ఉదయం ఫలహారంతో ఇచ్చే గదులు హోటళ్ల కంటే బాగుంటాయి, థియేటర్లకు నదీతీరం వెంట నడిచి పోవచ్చు. జులై, ఆగస్టు వారాంతాలకు నెలల ముందే నిండిపోతాయి. రద్దు చేసుకునే గడువు చదివి తీసుకోండి, కొన్ని చోట్ల రెండు రాత్రులు తప్పనిసరి.

టొరంటో నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. కారు లేకపోతే ఉత్సవం వాళ్లే ఆట వేళలకు తగ్గట్టు నడిపే బస్సు నయం. రైలుంది కానీ రాత్రి ఆట తర్వాత తిరిగి రావడానికి పనికిరాదు.

రెండు ఆటల మధ్య భోజనమే అసలు చిక్కు. అయిదు నుంచి ఏడు దాకా ప్రేక్షకులంతా ఒకేసారి హోటళ్ల మీద పడతారు. బల్ల ముందే చెప్పి ఉంచుకోవాలి, ఆట ఎన్నింటికో కూడా చెప్పాలి. శాకాహారులకు పాస్తా, సలాడ్ మించి ఎంపిక తక్కువ. పులిహోర, పెరుగన్నం కట్టుకుని నది ఒడ్డున బల్లల మీద హంసల్ని చూస్తూ తినడం ఉత్తమం. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, నడివేసవిలోనైనా శాలువా ఉంచుకోండి.

ఒక్క తయారీ మాత్రం తప్పదు, నాటకాన్ని ముందు చదివి వెళ్లడం. తిరుపతి వెంకట కవుల పద్యాలు నోటికి వచ్చినవాళ్లు కథ కోసం కాక, రాగం ఎలా తీశాడు, ఎక్కడ విరిచాడు అని వింటారు. షేక్‌స్పియర్‌నూ అలా వింటేనే మూడు గంటలు నిలుస్తాయి.

రెండో ఊరు నయాగరా-ఆన్-ద-లేక్‌లో జరిగే షా ఉత్సవం 1962లో ఎనిమిది ప్రదర్శనలతో మొదలైంది. బెర్నార్డ్ షా (1856–1950) నాటకాలు, ఆయన కాలపు నాటకాలు దానికి పునాది, వాటితోపాటు మ్యూజికల్స్ కూడా వేస్తారు. పెద్ద హాలు 1973లో తెరిచిన 856 సీట్ల ఫెస్టివల్ థియేటర్, ఎక్కడ కూర్చున్నా మాట స్పష్టం. పాత రాయల్ జార్జ్ థియేటర్‌ను తిరిగి కట్టడం కోసం 2025 సీజన్ తర్వాత మూశారు, పాత వ్యాసాలు చూసి అక్కడికి వెళ్లకండి. ఊళ్లో గదులు స్ట్రాట్‌ఫర్డ్ కంటే ఖరీదు. ఇక్కడ మాత్రం దూరంగా దిగడమే తెలివి, సెయింట్ క్యాథరిన్స్ 20 నిమిషాలే, రోడ్డూ సులువు. నయాగరా జలపాతం చూడడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం ఆట తీసుకుని, అయిదింటికి బయటపడి, దీపాల వేళకు జలపాతం చేరుకోవచ్చు.