థాయ్‌లాండ్‌పై గెలుపా, యూఏఈ చేతిలో ఓటమా: పిల్లలకు ఏ మ్యాచ్ చూపిస్తే మేలు?

హనుమకొండలో సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పే మాలాంటి వాళ్లకు వేసవి శిబిరం రాగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మన దేశం ఆడిన మ్యాచ్ ఒకటి పిల్లలను కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చూపించాలంటే ఏది ఎంచుకోవాలి? యూరప్ క్లబ్బుల ఆట వాళ్లు ఫోన్లలో ఎలాగూ చూస్తున్నారు. నీలం చొక్కాల వాళ్లు ఎలా ఆడతారో మాత్రం చాలామందికి తెలియదు. నా దృష్టిలో పోటీ 2019 జనవరిలో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో మనం ఆడిన మూడు మ్యాచ్‌ల మధ్యే. అదే జట్టు, అదే కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్. జనవరి 6 నుంచి 14 లోపే మూడూ ముగిశాయి. అయినా ఒకదానికొకటి పోలిక లేదు.

ఎవరిని అడిగినా థాయ్‌లాండ్ మ్యాచే చూపించమంటారు. 4-1తో గెలిచాం. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనకు దక్కిన మొదటి విజయం అది. అందులో ఒక గోల్‌ను నేను ఎన్నిసార్లయినా చూడగలను. విరామానికి స్కోరు 1-1. రెండో సగం మొదలై నిమిషం కూడా కాకముందే ఉదాంత సింగ్ కుడి అంచున డిఫెండర్లను దాటుకుంటూ దూసుకెళ్లి బంతిని లోపలికి ఇచ్చాడు. ఆషిక్ కురునియన్ దాన్ని కాలితో అలా తాకి వదిలాడు. వెనుక నుంచి వస్తున్న సునీల్ ఛెత్రి ఆపకుండానే గోల్ పైభాగం వలలోకి కొట్టాడు. ముగ్గురిలో ఎవరూ బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోలేదు. మన పిల్లలకు అన్నిటికన్నా కష్టంగా వచ్చే విద్య అదే.

అయితే ఆ గెలుపులో ఒక చిక్కుంది. మూడో గోల్ పడ్డాక థాయ్‌లాండ్ చెదిరిపోయింది. మర్నాడే వాళ్ల కోచ్ మిలోవన్ రాయెవాచ్ పదవి పోయింది. ఎదుటి జట్టు అంతగా చెదిరినప్పుడు మన ఆటలో ఎంత మన బలమో, ఎంత వాళ్ల బలహీనతో పద్నాలుగేళ్ల పిల్లవాడు విడదీసి చూడలేడు.

జనవరి 14న షార్జాలో బహ్రెయిన్‌తో ఆడినది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అప్పటికి మనకు మూడు పాయింట్లు ఉన్నాయి, తర్వాతి దశకు వెళ్లడానికి డ్రా చాలు. జట్టు ఆ డ్రా కోసమే ఆడింది. అనస్ ఎడతొడిక మొదట్లోనే గాయపడి బయటకు వెళ్లాడు. అయినా మిగిలిన వాళ్లు తొంభై నిమిషాలు గోల్ ఇవ్వలేదు. అదనపు సమయం మొదలవగానే పెనాల్టీ ప్రాంతంలో ప్రణయ్ హల్దర్ ఫౌల్ చేశాడు, జమాల్ రషీద్ గోల్ కొట్టాడు. అదే సమయంలో మన గ్రూపులో జరిగిన రెండో మ్యాచ్‌లో యూఏఈ, థాయ్‌లాండ్ 1-1తో ముగించాయి. అంటే ఆ ఒక్క పెనాల్టీ లేకపోతే మనమూ థాయ్‌లాండ్ చెరి నాలుగు పాయింట్లతో సమానంగా ఉండేవాళ్లం. వాళ్లను ఓడించాం కాబట్టి రెండో స్థానం మనదే అయ్యేది. దాని బదులు గ్రూపులో అట్టడుగున మిగిలాం. కాన్‌స్టంటైన్ ఆ రాత్రే తప్పుకున్నాడు.

ఆ పెనాల్టీని దురదృష్టం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పొద్దస్తమానం సొంత గోల్ ముందే నిలబడితే ప్రతి తడబాటూ పెనాల్టీ ప్రాంతంలోనే జరుగుతుంది. ఈ జబ్బు మా మైదానంలోనూ ఉంది. ఆదివారం హనుమకొండ, కాజీపేట పిల్లలు తలపడినప్పుడు చూడండి. ఒక గోల్ పడగానే గట్టున నిలబడ్డ పెద్దలు ‘వెనక్కి రండిరా, వెనక్కి రండి’ అని కేకలు వేస్తారు. పది మందీ గోలీ ముందు గుమిగూడతారు. తర్వాత బంతిని దూరంగా తన్నినా అందుకోవడానికి ముందు ఒక్కడూ ఉండడు, అది తిరిగి మన మీదికే వస్తుంది.

జాతీయ జట్టులోనూ అది పోలేదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో తొలి సగమంతా ఆస్ట్రేలియాను నిలువరించారు, చివరికి 0-2తో ఓడారు. ఆ టోర్నీలో మూడు మ్యాచ్‌లలో మనం ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

అందుకే నా ఓటు జనవరి 10న అబుదాబిలో యూఏఈతో ఆడిన మ్యాచ్‌కి. 0-2తో ఓడాం, నిజమే. కానీ ఆతిథ్య జట్టు మీద, వాళ్ల జనం మధ్య, మనవాళ్లు బెదరకుండా ముందుకు వెళ్లారు. మొదట్లోనే ఆషిక్ కొట్టిన షాట్‌నూ, తర్వాత ఛెత్రి హెడర్‌నూ గోలీ ఖాలిద్ ఈసా ఆపాడు. 41వ నిమిషంలో ఖల్ఫాన్ ముబారక్ గోల్ కొట్టాకైనా మనవాళ్లు ముడుచుకోలేదు. రెండో సగంలో ఉదాంత షాట్ క్రాస్‌బార్‌కు తగిలింది, సందేశ్ ఝింగన్ హెడర్ కూడా దానికే తగిలింది. అలీ మబ్‌ఖూత్ రెండో గోల్ 88వ నిమిషంలో గానీ రాలేదు. ఓడిన మ్యాచ్‌ను నేను గొప్ప చేయడం లేదు. బలమైన జట్టు ఎదురైనప్పుడు ఎక్కడ నిలబడాలో అందులో కనిపిస్తుంది, గెలిచిన మ్యాచ్‌లో కనిపించదు.

భారత జట్టు కోచ్, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇలాగే వెనక్కి తగ్గకుండా ముందుకు వెళ్లాడు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం గెలిచిన మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కూడా కొట్టాడు. మన వైపు పిల్లల్లో ఆ తెగువ లేదనడానికి వీల్లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి భారత మహిళల జట్టు దాకా వెళ్లిన గుగులోత్ సౌమ్య ఆడేది ముందు వరుసలోనే.

పదేళ్ల లోపు వాళ్లకైతే థాయ్‌లాండ్ మ్యాచే పెట్టండి, ఆ వయసుకు గెలుపు సంబరం కావాలి. పెద్ద పిల్లలకు యూఏఈ మ్యాచ్ మొత్తం చూపించి, ముబారక్ గోల్ దగ్గర ఆపి, ఇప్పుడు మీరైతే ఏం చేస్తారని అడగండి. బహ్రెయిన్ మ్యాచ్ చివరి ఇరవై నిమిషాలు మరుసటి రోజు చాలు. అప్పుడు బంతిని కాకుండా మన ముందు వరుస ఆటగాళ్లు ఎక్కడున్నారో చూడమనండి.