సగం మ్యాచ్, బొడ్డుతాడు రక్తం: మా తమ్ముడికి రెండూ జరిగాక

మా తమ్ముడికి ఏఎంఎల్, అంటే వేగంగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్. మొదటి రెండు విడతల కీమోకీ లొంగలేదు. అజాసైటిడిన్, వెనెటోక్లాక్స్ అనే మందులు కలిపి ఇచ్చాక ఎముక మజ్జలో బ్లాస్టులు (క్యాన్సర్ కణాలు) తగ్గాయి గానీ ఎంఆర్‌డీ, అంటే సున్నితమైన పరీక్షల్లో మాత్రమే కనబడే మిగిలిన జబ్బు, పాజిటివ్‌గానే ఉండిపోయింది. ఇక వేరేవాళ్ళ మూలకణాలు ఎక్కించే ట్రాన్స్‌ప్లాంటే దారి అన్నారు. దానికి దాతతో హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు గుర్తులు) కలవాలి. ఒక తోబుట్టువుతో పూర్తి మ్యాచ్ కుదిరే అవకాశం 25 శాతమే. వాడికున్నది నేనొక్కదాన్నే, నాది సగమే కలిసింది. బయటి దాతల రిజిస్ట్రీలోనూ ఎవరూ దొరకలేదు. అలా ఏడాదిన్నర తేడాతో ఒకే మనిషికి సగం మ్యాచ్ దాతతో ఒకటి, బొడ్డుతాడు రక్తంతో ఒకటి, రెండు రకాల ట్రాన్స్‌ప్లాంట్లూ దగ్గరుండి చూశాను. ఇదే నిర్ణయం ముందు కూర్చున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు చేసింది సగం మ్యాచ్. డాక్టర్లు హాప్లో అంటారు. దాత ఇంట్లోనే ఉంటారు కాబట్టి పని త్వరగా మొదలవుతుంది, ఆగని జబ్బుకి అదే ప్రాణం. మూలకణాలు రక్తంలోకి రావడానికి నాకు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు, నడుము ఎముకలు లోపల్నుంచి సలిపాయి. తర్వాత వాటిని వేరుచేసే మెషీన్ మీద నాలుగున్నర గంటలు. పెదవులు జివ్వుమంటున్నాయంటే నర్సు కాల్షియం ఎక్కించింది. నా కష్టం అంతే.

కణాలు ఎక్కించిన రెండో రోజు రాత్రి వాడికి జ్వరం 104. స్టిరాయిడ్ ఇచ్చి దించండని బతిమాలాను, ఇవ్వలేదు. డ్యూటీ డాక్టరు గారు మంచం పక్కనే నిలబడి విడమరిచి చెప్పారు. వాడి శరీరం మీద తిరగబడే నా కణాలు ఆ రెండు మూడు రోజుల్లోనే విపరీతంగా పెరుగుతాయట. మూడో రోజు, నాలుగో రోజు కిలోకి 50 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు అలా పెరుగుతున్నవాటినే చంపుతుంది, మూలకణాలు మాత్రం తట్టుకుంటాయి. స్టిరాయిడ్ ఇస్తే ఆ పెరుగుదల ఆగి మందు గురి తప్పుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి వల్లే సగం మ్యాచ్ ఇంత మామూలైంది. రెండో డోసు పడ్డ మర్నాడు జ్వరం దిగిపోయింది. 17వ రోజుకి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 500 దాటాయి, అంటే కణాలు నిలదొక్కుకున్నట్టే. జీవీహెచ్‌డీ, అంటే దాత కణాలు పేషెంటు శరీరం మీద తిరగబడడం, ఒంటి మీద దద్దుర్లతో సరిపోయింది. బీకే వైరస్ వల్ల మూత్రంలో రక్తం పడి మూడు వారాలు విలవిల్లాడాడు. ఇలా జరగొచ్చని ముందే చెప్పి ఉండాల్సింది.

పద్నాలుగో నెలలో జబ్బు తిరగబెట్టింది. నా కోపమంతా ఇక్కడే. ఆ ఆస్పత్రి ల్యుకేమియాని చంపుతాయని నా లింఫోసైట్లు (రోగనిరోధక తెల్లకణాలు) మళ్ళీ తీసి రెండుసార్లు ఎక్కించింది. ఆరు వారాలు పోయాయి, ఫలితం లేదు. రెండో అభిప్రాయం కోసం వెళ్ళినచోట డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: 'హెచ్‌ఎల్‌ఏ లాస్ చూశారా?' ఎవరూ చూడలేదు. పరీక్ష చేయిస్తే, ల్యుకేమియా కణాలు హెచ్‌ఎల్‌ఏ జన్యువులుండే ఆరో క్రోమోజోమ్‌లో నాతో కలవని సగాన్ని వదిలించుకున్నాయని తేలింది. ఇక నా కణాలకి అవి పరాయివిగా కనబడవు, ఎన్నిసార్లు ఎక్కించినా ఒకటే. ఇటలీ పరిశోధకులు 2009లోనే ప్రచురించిన సంగతి ఇది. హాప్లో తర్వాత జబ్బు తిరిగొస్తే, దాత కణాలు మళ్ళీ ఎక్కించే ముందే ఈ పరీక్ష అడగండి.

ల్యుకేమియా కణాల్లో మిగిలిన సగాన్ని పరాయిగా గుర్తించాలంటే, నాతో కలవని ఆ రెండో సగం కలిసే దాత కావాలి, అది మా నాన్న. ఆయన గుండె అందుకు ఒప్పుకోలేదు. అలా బొడ్డుతాడు రక్తం దగ్గరికి వచ్చాం. 1988లో ప్యారిస్‌లో ఒక పిల్లాడికి తొలిసారి చేసిన చికిత్స ఇది. మ్యాచ్ అంత కచ్చితంగా లేకపోయినా నడుస్తుంది. కానీ ఒక సంచిలో కణాలు తక్కువ, పెద్దవాళ్ళ బరువుకి చాలవని రెండు సంచులు తెచ్చారు. కరిగించి ఎక్కిస్తుంటే గదంతా వెల్లుల్లి లాంటి వాసన. గడ్డకట్టించేటప్పుడు కలిపే మందుది. మర్నాటి దాకా వాడి ఊపిరిలోనూ అదే.

ఆ తర్వాత ఎదురుచూపు. రిపోర్టులో తెల్లకణాలు 0.1. మర్నాడూ 0.1. పొద్దున ఆరింటికి వచ్చే ఆ కాగితం చూడ్డానికే భయమేసేది. రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. 29వ రోజున న్యూట్రోఫిల్స్ 500 దాటాయి. ప్లేట్‌లెట్లు నిలదొక్కుకోడానికి రెండు నెలలు పట్టింది. ఏదైనా తేడా వస్తే మళ్ళీ కణాలివ్వమని అడగడానికి దాత ఉండరు. ఆ లోటు మాటల్లో విన్నప్పుడు తెలియదు, వార్డులో కూర్చుంటే తెలుస్తుంది.

రెంటినీ నేరుగా పోల్చిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 368 మందిలో రెండేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు హాప్లోలో 57 శాతం, బొడ్డుతాడు రక్తంలో 46 శాతం. జబ్బు కాకుండా చికిత్స ఇబ్బందులతో పోయినవాళ్ళు వరుసగా 11, 18 శాతం. అయితే వాళ్ళు కీమోకి లొంగిన లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), రెమిషన్‌లో (జబ్బు అణిగి) ఉన్న ల్యుకేమియా పేషెంట్లు. మావాడిలా ఎంఆర్‌డీ మిగిలినవాళ్ళ విషయంలో 2016 నాటి సియాటిల్ అధ్యయనం నాకు ధైర్యమిచ్చింది. అందులో బంధుత్వం లేని దాతలతో పోలిస్తే బొడ్డుతాడు రక్తం తీసుకున్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు.

మళ్ళీ మొదటి రోజుకి వెళ్తే నేను హాప్లోనే ముందు ఎంచుకుంటాను. చేతిలో దాత ఉన్నప్పుడు నెల రోజులు కణాలు లేకుండా ఉంచే దారిలోకి ముందే వెళ్ళను. దాత కణాల మీద పేషెంటుకి యాంటీబాడీలు ఉంటే మాత్రం మాట వేరు, కణాలు నిలవకపోయే ప్రమాదముంది, దానికీ పరీక్ష ఉంది. హాప్లో చేతులెత్తేసినచోట మమ్మల్ని ఆదుకున్నది బొడ్డుతాడు రక్తమే.

ఇప్పుడు పన్నెండో నెల. రెండు సంచుల్లో ఒకటే గెలిచి నిలబడింది, రక్తమంతా దానిదే. ఎంఆర్‌డీ నెగెటివ్. ముప్పై ఒకటేళ్ళ మా తమ్ముడికి వచ్చే వారం నుంచి పసిపిల్లల టీకాలు మళ్ళీ మొదలు.