నిషేధం నెలల్లో గాలం వేట: కొండకర్ల, తాజంగి, పేరు రాయని ఒక చెరువు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మర బోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి, వాటితోపాటే మావాడూను. వాడు నా స్నేహితుడు, సరంగు, అంటే బోటు నడిపేవాడు. మే నెలలో ఒకరోజు ఫోన్‌లో హిమాచల్ వీడియో చూపించి, "మనకీ కొండలున్నాయి కదా గురూ, ఈ ట్రౌట్ చేప మనకెందుకు లేదు?" అన్నాడు. దానికి ఏడాదంతా చల్లటి నీళ్లు కావాలి. కశ్మీర్‌కైనా నీలగిరులకైనా బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిందే. లంబసింగిలో శీతాకాలం నాలుగు రోజులు వణికితే సరిపోదన్నాను. "అయితే కొర్రమీనుకే పోదాం పద" అన్నాడు. ఒక బైకు, రెండు గాలపు కర్రలు, ఒక డబ్బాడు వానపాములతో బయల్దేరాం.

మొదట కొండకర్ల ఆవ, అంటే మంచినీటి చిత్తడి సరస్సు. అచ్యుతాపురం పక్కనే, విశాఖ నుంచి గంటన్నర. తాటి దోనెలు రెండు జతకట్టి తిప్పుతారు. పొద్దున్నే వెళ్తే పిట్టలు, తామరలు, చల్లగాలి, చూడ్డానికి బాగుంటుంది. గాలానికి మాత్రం పనికిరాదు. ఎక్కడ వేసినా తీగలే పట్టుకుంది. పైగా ఆ నీళ్ల మీద బతికేవాళ్ల వలలు అక్కడే ఉంటాయి, మనం సరదాకి అడ్డం పడడం బాగోలేదనిపించింది. దోనె ఎక్కి దిగాం, అంతే. ఇంట్లోవాళ్లతో సగం రోజు గడపడానికి ఇదే మంచి చోటు.

అక్కడి నుంచి హైవే ఎక్కి, తాళ్లపాలెం దగ్గర తిరిగి నర్సీపట్నం. పెట్రోలు, డబ్బులు, దోమల మందు ఇక్కడే చూసుకోండి. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. బైకు లేనివాళ్లు నర్సీపట్నంలో బస్సు మారి చింతపల్లి బస్సెక్కవచ్చు గానీ, చెరువుల మీద తిరగడానికి సొంత బండి లేకపోతే కష్టం.

ఆ రాత్రి లంబసింగిలో ఒక టెంట్ల క్యాంపులో దిగాం. ఇద్దరికీ 1,500. ఫొటోలో మంచు, మా ముందు దుమ్ము. మేలో మంచు ఉండదని మాకూ తెలుసు, దాని మీద నాకు కోపం లేదు. ఎనిమిది టెంట్లకి ఒకటే బాత్రూమ్, అర్ధరాత్రి దాటినా ఆగని డీజే, వాటి మీదే కోపం. బొంగు చికెన్ వేడిగా, బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పొద్దున్న అయిదుకి టీ ఇస్తామన్నవాళ్లని ఏడింటికి మేమే లేపాం. చేపల కోసం వచ్చినవాడికి ఏడంటే పొద్దెక్కిపోయినట్టే.

తాజంగి జలాశయం అక్కడికి దగ్గరే. చుట్టూ కొండలు, నిశ్శబ్దం, నీళ్లు తగ్గి ఒడ్డంతా బురద. రెండు గంటల్లో నాకు అరచేతి పొడుగు పరిగెలు మూడు, మావాడికి సున్నా. వలతో టన్నులు లాగినవాడికి, గాలపు దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు కదిలేదాకా కూర్చోవడం రాదు. అది ఇలా ఊగితే చాలు, వాడు కర్ర అలా ఎత్తేస్తాడు. ఒకసారి గాలం వెనక్కొచ్చి వాడి చొక్కాకే తగులుకుంది.

అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మా అవస్థ చూసి నవ్వి, తమ ఊరి చెరువుకి రమ్మన్నాడు. మట్టి రోడ్డు మీద ముప్పావు గంట. ఆ ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఇరవై బైకులు, స్పీకర్లతో సహా, అక్కడ ఉంటాయి.

చెరువు పెద్దదేం కాదు. ఒక మూల తుంగ, ఇంకో మూల నీళ్లలోకి వంగిన చెట్టు. తాత నీళ్ల వైపు చూపించి "ఆగండి" అన్నాడు. కొర్రమీను నీళ్లలో ఉండే గాలితో సరిపెట్టుకోదు, ఊపిరికి పైకి వచ్చి తీరాలి. అది గుటకేసిన చోట చిన్న బుడగ మిగులుతుంది. బుడగకి మూరెడు అవతల ఎర వేసి మెల్లగా దగ్గరికి లాగమన్నాడు. ఇంకో చోట నీళ్ల మీద ఎర్రగా గుప్పెడు చేపపిల్లలు గుంపుగా కదులుతున్నాయి. అటు వేయబోతే మావాడి చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లల కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి బాబూ. వాటిని తీస్తే ఈ పిల్లలన్నీ పరాయి నోట్లోకే." నిషేధం ఎందుకో హార్బర్‌లో అధికారులు చెబితే ప్రతి ఏడూ గొణిగే మనిషి, ఇక్కడ మాట్లాడకుండా కర్ర దించేశాడు.

మధ్యాహ్నం ఉరిమి అరగంట వాన కురిసింది. వాన వెలిశాక, చెట్టు మూల, మావాడికే తగిలింది. ఈసారి తొందరపడలేదు. కేజీకి కొంచెం తక్కువ ఉంటుందేమో. గాలపు దారం చేతికి కోసుకుపోయినా వదల్లేదు.

రాత్రి తాత ఇంటి అరుగు మీదే పడుకున్నాం. ఆ కొర్రమీనుకి పచ్చి మామిడికాయ వేసి, వాళ్ల కోడలు పులుసు పెట్టింది. పొద్దున చోడంబలి (రాగి అంబలి), ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అద్దె ఎంతంటే చెప్పలేదు. 500 ఇస్తే 200 వెనక్కిచ్చాడు. నేను బలవంతం చేయాల్సింది, చేయలేదు. ఇదేమీ రిసార్టు కాదు. సిగ్నల్ లేదు, మరుగుదొడ్డికి ఇంటి వెనక్కి చీకట్లో నడవాలి, దోమలు గట్టివి. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర తీసుకెళ్లండి. చంటిపిల్లలతో అయితే నేనే వద్దంటాను. చేపలకే వెళ్లేవాళ్లు మాత్రం టెంటుకి పెట్టే డబ్బు ఇలాంటి ఇంటికే ఇవ్వండి.

మావాడు గాలపు కర్రలు రెండూ తాత చూరులోనే దోపి వచ్చాడు. జూన్ 14 లోపు ఇంకోసారి వెళ్లాలట. ఆ తర్వాత బోటు కదిలిందంటే వాడు మళ్లీ ఎప్పుడు ఒడ్డుకొస్తాడో వాడికే తెలీదు.