ఎనుమాముల గుమస్తా చేతిలో పైథాన్: ఒక ఉచిత కోర్సు కథ

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ‘ద జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ అని 12 వారాల కోర్సు ఉంది. పైథాన్ అంటే కంప్యూటర్‌కు ప్రోగ్రాంలు రాసే భాష. చెప్పేది ఐఐటీ రోపర్ అధ్యాపకుడు సుదర్శన్ అయ్యంగార్. నేను బీకాం చదివి, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తున్న గుమస్తాను. పాఠాలకు పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. సర్టిఫికెట్‌కు ఎన్ని వేయాలో మీ అవసరాన్ని బట్టి ఉంటుంది.

పాఠాలు ఆటలతో నడుస్తాయి. రాయి-కాగితం-కత్తెర, వైకుంఠపాళి లాంటివి కంప్యూటర్ చేత ఆడిస్తూనే లూపులు (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించడం), లిస్టులు (వివరాలను వరుసగా పేర్చడం) నేర్పేస్తారు. ఒక పాఠంలో ఏదైనా పరిమాణాన్ని పదిమంది చేత ఊహింపజేసి సగటు తీస్తే అసలు సంఖ్యకు ఎంత దగ్గరగా వస్తుందో చూపిస్తారు. మరునాడు కాంటా ఎక్కబోయే మిర్చి బస్తా బరువు ఎంతుంటుందో మా హమాలీలను అడిగాను. సగటు సంగతి తర్వాత, వాళ్లలో ఒకాయన చెప్పింది కాంటాతో సమానంగా వచ్చింది! ఇంగ్లిషు వేగంగా సాగుతుంది కాబట్టి కింద అక్షరాలు పెట్టుకుని చూడండి. ఆ తగ్గిన ఒక మార్కు అందుకే.

ఇక డబ్బు సంగతి. చేరడానికి, చూడటానికి, వారంవారం అసైన్‌మెంట్లు చేయడానికి పైసా అక్కరలేదు. కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు నేను కట్టింది 1000 రూపాయలు. పన్నెండు అసైన్‌మెంట్లలో మెరుగైన ఎనిమిదింటి సగటుకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. సర్టిఫికెట్ కావాలంటే 25కు కనీసం 10, 75కు కనీసం 30 రావాలి, రెండూ విడివిడిగా. ఇంజినీరింగ్ చదువుతూ ఈ కోర్సును క్రెడిట్లకు లెక్కగట్టే కాలేజీలో ఉంటే కళ్లు మూసుకుని కట్టేయండి. నాలాంటి ఉద్యోగస్తులు రెండుసార్లు ఆలోచించుకోవచ్చు. పరీక్ష తేదీ మెడ మీద ఉంటే తప్ప పుస్తకం తెరవని వాళ్లయితే మాత్రం ఆ వెయ్యి రూపాయలు కూలి గిట్టినట్టే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సర్టిఫికెట్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, నెల తిరిగేసరికి పైథాన్‌లో డిక్షనరీ (ఒక్కో గుర్తు కింద దాని వివరాలు దాచే పద్ధతి) అంటే ఏమిటో మరిచిపోతారు. పరీక్ష అయ్యాక ఫలితం రావడానికి వారాలు పడుతుంది. అసలు పని చేసుకోవలసింది ఆ వ్యవధిలోనే.

నేను పట్టుకున్నది తక్‌పట్టీల లెక్క, అంటే రైతు సరుకు అమ్మినప్పుడు రాసే చీటీల లెక్క. ఒక్కో పట్టీలో రైతు పేరు, సరుకు రకం, బస్తాలు, తూకం, ధర, హమాలీ, కమీషన్ ఉంటాయి. సాయంత్రం మొత్తాలు కుదరకపోతే తప్పిన పట్టీ ఏదో వెతకడానికే పొద్దుపోయేది. ఆ పని చేసే ప్రోగ్రాం రాయబోతే మొదటి చిక్కు పేర్ల దగ్గరే వచ్చింది. ఒకే రైతు ఒక పట్టీలో ‘వెంకటయ్య’, ఇంకో పట్టీలో ‘వెంకన్న’. కంప్యూటర్ దృష్టిలో ఇద్దరు మనుషులు. పేరు బదులు సరుకు కుప్పకు ఇచ్చే లాట్ నంబరును ఆధారంగా పెట్టేసరికి దారికొచ్చింది. డిక్షనరీ ఎందుకు పనికొస్తుందో నాకు ఒంటబట్టింది అప్పుడే. ఇప్పుడు తేడా ఉన్న పట్టీ తనంతట తానే పైకి తేలుతుంది. మా సేటు తొలి వారం పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని సరిచూశారు, అది వేరే విషయం.

మీది కిరాణా అయితే ఉద్దెర పద్దు ఉంటుంది, ట్యూషన్ అయితే ఫీజుల జాబితా ఉంటుంది. బయోడేటాలో కోర్సు పేరు, మార్కులు ఒక వరుసలో రాసి, కింద ఈ పని గురించి రెండు వాక్యాలు రాయండి. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది కాబట్టి కావాలన్నవాళ్లు సరిచూసుకుంటారు. హనుమకొండలో ఒకచోట ఇంటర్వ్యూకు వెళితే అడిగింది తక్‌పట్టీల గురించే. ఉద్యోగం రాలేదు, జీతం దగ్గర పొసగలేదు.

మార్కెట్లో పనిచేసే వాళ్లకు ఒక మాట. జనవరి విడతలో చేరకండి. పరీక్షల నాటికి యార్డంతా మిర్చి బస్తాలే, ఊపిరి సలపదు. జులై విడత నయం. పత్తి జోరందుకునేలోపు పాఠాలు దాదాపు అయిపోతాయి.