తెర మీద రెంబ్రాంట్: రైక్స్ మ్యూజియం ఆన్‌లైన్ సేవపై సమీక్ష

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన ‘నైట్ వాచ్’ అనే వర్ణచిత్రాన్ని 8,439 ఫొటోలుగా తీసి, వాటన్నిటినీ కలిపి రూపొందించిన 717 గిగాపిక్సెళ్ల (ఒక గిగాపిక్సెల్ అంటే వంద కోట్ల చుక్కలు) చిత్రాన్ని 2022లో తన వెబ్‌సైట్‌లో ఉచితంగా అందరి ముందుకు తెచ్చింది. కళను జనానికి చేరువ చేయడమంటే ఇదే. చిత్రంలోని కెప్టెన్ చాచిన చేతి నీడ, పక్కనున్న లెఫ్టినెంట్ లేత పసుపు దుస్తుల మీద పడిన చోటును పెద్దది చేసుకుంటూ పోతే, మొదట బట్ట మీది అలంకరణ, తరువాత కుంచె ఆనవాళ్లు, చివరికి రంగుపొరలోని సన్నని పగుళ్లు సైతం విడివిడిగా కనిపిస్తాయి; గ్యాలరీలో దూరంగా నిలబడి చూసేవారికి ఈ భాగ్యం దక్కదు.

చాలా మ్యూజియాలు గోడల నిండా కదిలే బొమ్మలు వేసి సందర్శకులను ఆకట్టుకోవాలని చూస్తాయి. అవి కాసేపు ఆనందాన్నిస్తాయి గానీ, చిత్రకారుడి పనితనాన్ని ఇంత ఓపికగా, ఇంత గౌరవంగా చూపించలేవని నా అభిప్రాయం.

1715లో కత్తిరింపుకు గురైన ‘నైట్ వాచ్’ అంచులను పాత నకలు ఆధారంగా, కృత్రిమ మేధ సాయంతో 2021లో పునర్నిర్మించిన తీరు కూడా తెలుసుకోదగ్గది. అయితే సుమారు నాలుగున్నర మీటర్ల వెడల్పున్న ఈ చిత్రం ఫోన్‌లో తన నిండుతనాన్ని కోల్పోతుంది కనుక, వీలైనంత పెద్ద తెర మీద, తీరిక చేసుకుని చూడవలసిందిగా కళాభిమానులందరికీ గట్టిగా సిఫారసు చేస్తున్నాను.